అరుగు లేని బస్తీకి చవకగా కమ్యూనిటీ హాలు

విశాఖపట్నం: పల్లెలో పదిమంది కూర్చోవడానికి రచ్చబండ ఉంది, రామాలయం అరుగు ఉంది. కూలి పనికి పట్నం వెళ్లి, కొండవాలు బస్తీలో ఒంటిగది వేసుకున్న మనవాళ్లకు ఆ రెండూ లేవు. పిల్లల చదువైనా, పెళ్లయినా, పెద్దకర్మయినా వీధిలోనే. తుపాను వస్తే తలదాచుకునే చోటు వెతుక్కోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు రేకుల ఇళ్లవారు పడ్డ పాట్లు ఎవరూ మరచిపోలేదు.

బస్తీల్లో కమ్యూనిటీ హాళ్లు కట్టడం కొత్తేమీ కాదు. విశాఖలో 1988లో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ప్రారంభమైన మురికివాడల అభివృద్ధి పథకం కింద రోడ్లు, కాలువలతోపాటు ఇలాంటి హాళ్లు కూడా కట్టారు. అయితే సొమ్ము చాలని చోట ఏం చేయాలన్నదే సమస్య.

ఇటుకలో పొదుపు

ఇంగ్లండులో పుట్టి, 1945లో మన దేశానికి వచ్చి, కేరళలో స్థిరపడిన లారీ బేకర్ దీనికి దారి చూపారు. ఇటుకను పడుకోబెట్టకుండా పక్కకు నిలబెట్టి రెండు వరుసలుగా కడితే, తొమ్మిది అంగుళాల గోడ మధ్యలో మూడు అంగుళాల ఖాళీ మిగులుతుంది. దీనివల్ల నాలుగింట ఒక వంతు ఇటుక ఆదా అవుతుంది. ఖాళీలోని గాలి వల్ల ఎండ వేడి లోపలికి తగ్గుతుంది. మూలల్లో ఆ ఖాళీలోనే ఇనుప చువ్వలు దించి కాంక్రీటు పోస్తే గాలివానకు గోడ గట్టిగా నిలుస్తుంది.

స్లాబు అడుగుభాగంలో లాగుడును తట్టుకునేది ఇనుమే. అందుకని చువ్వల మధ్య బంగాళా పెంకులు పేర్చి పైన కాంక్రీటు పోస్తే సిమెంటు కలిసివస్తుంది. అయితే చువ్వల లెక్క ఇంజనీరు వేయాల్సిందే; మేస్త్రీ అంచనా చాలదు. కిటికీలకు బదులు సందులు వదిలి ఇటుకలు పేర్చిన జాలీ పెడితే చెక్క ఖర్చు తప్పి, గాలి, వెలుతురు వస్తాయి.

తాళం ఎవరి దగ్గర?

ఎంత చవకగా కట్టినా తాళం పడిన హాలు దండగే. అందుచేత ముందువైపు తలుపు లేని వరండా, దాని పొడవునా అరుగు ఉండాలి. లోపల తాళం వేసినా అరుగు అందరిదీ అవుతుంది. తాళంచెవి ఒక్క పెద్దమనిషి చేతిలో కాకుండా ఆడవాళ్లు కూడా ఉన్న సంఘం చేతిలో ఉండాలి. హాలు ఎక్కడ, ఎలా అన్నది పునాది తీయకముందే బస్తీవారిని అడగాలి.

ఈ పద్ధతులు పట్నానికే పరిమితం కాదు. ఊళ్లో అంగన్‌వాడీ గదికో, యువజన సంఘం భవనానికో పునాది వేసేటప్పుడు గ్రామస్థులు మేస్త్రీతో, ఇంజనీరుతో ఒక్కసారి ఈ మాట ప్రస్తావిస్తే మంచిది.