గంట దూరంలో రెండు వేల ఏళ్లు

రెండు రోజుల సెలవు దొరికితే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కార్లు హైదరాబాద్ వైపో, విజయవాడ వైపో పరుగు తీస్తాయి. పొద్దున టిఫిన్ చేసి బయల్దేరితే దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేంత దగ్గర్లో కాకతీయుల నాటి గుళ్లు, ఇక్ష్వాకుల నాటి బౌద్ధారామాలు, కృష్ణా మూసీల సంగమం ఉన్నాయి.

ఆదివారం సాయంత్రమైతే సూర్యాపేట సద్దుల చెరువు కట్ట సందడిగా మారిపోతుంది. మినీ ట్యాంక్‌బండ్‌గా తీర్చిదిద్దాక పట్టణవాసులకు అదే షికారు. బతుకమ్మ రోజుల్లో పూలతో నిండే ఆ కట్ట మిగతా రోజుల్లో పిల్లల కేరింతలతో నిండుతుంది. కోదాడకు పెద్ద చెరువు ఉంది. మిర్యాలగూడ పొలాలకు సాగర్ ఎడమ కాలువ ఉంది. నీళ్లను నమ్ముకుని పెరిగిన పట్టణాలివి. ఆ కట్ట దాటి ఇంకో గంట ముందుకు వెళ్తే ఏముందో మాత్రం చాలా కుటుంబాలకు ఇంకా పరిచయం లేదు.

65వ నంబరు జాతీయ రహదారి మీద తిరిగేవాళ్లకు సూర్యాపేట అంటే చాయ్ కోసం బస్సు ఆగే ఊరు. కోదాడ అంటే ఆంధ్ర సరిహద్దుకు ముందొచ్చే ఊరు. మిర్యాలగూడ అనగానే రైస్ మిల్లులు గుర్తొస్తాయి. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడినప్పుడు కోదాడ అందులోకి వచ్చింది, మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే ఉండిపోయింది. జిల్లాలు వేరైనా నేల ఒకటే. దక్షిణాన కృష్ణ, మధ్యలోంచి వచ్చి దాంట్లో కలిసే మూసీ. ఏ ఊరి నుంచి ఏ ఊరికైనా గంట, గంటంబావు ప్రయాణం. అందుకే ఒక ఊరివాళ్లు చూడదగ్గ చోటు మిగతా రెండూళ్ల వాళ్లకూ అందుబాటులోనే ఉంటుంది.

పేట పక్కనే పిల్లలమర్రి

సూర్యాపేట నుంచి పిల్లలమర్రికి బైకు మీద పావుగంట. కాకతీయులకు సామంతులుగా ఈ ప్రాంతాన్ని ఏలిన రేచర్ల రెడ్ల గుళ్లు ఇక్కడ ఉన్నాయి. ఎరకేశ్వరాలయం, నామేశ్వరాలయం, త్రికూటేశ్వరాలయం ఒకే ఊళ్లో నడిచి చూసేంత దగ్గరగా ఉంటాయి. ఎరకేశ్వరాలయాన్ని 1208లో రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ కట్టించింది. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా ఆ గుడిని జనం ఆమె పేరుతోనే పిలుస్తున్నారు.

ఇక్కడ తొందరపడకూడదు. మండపంలో నల్లరాతి స్తంభాలకు పెట్టిన నునుపు ఇప్పటికీ పోలేదు. దగ్గరికెళ్లి చూస్తే వేలెడంత బొమ్మల్లోనూ నాట్యగత్తెల కాలి వంపు, మద్దెల వాయించేవాడి చేతివేళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. నామేశ్వరాలయంలో తల పైకెత్తి దూలం వైపు చూడటం మరిచిపోవద్దు. అక్కడ క్షీరసాగర మథనం వర్ణచిత్రం ఉంది. రంగులు చాలావరకు వెలిసిపోయాయి. అయినా పామును తాడులా పట్టి లాగుతున్న దేవదానవుల వరుసను పోల్చుకోవచ్చు. కాకతీయుల కాలపు రాతి శిల్పం తెలంగాణలో చాలాచోట్ల దొరుకుతుంది. ఆనాటి కుంచె పని మిగిలిన చోట్లు మాత్రం బహు తక్కువ. శృంగార శాకుంతలం, జైమిని భారతం రాసిన పిల్లలమర్రి పినవీరభద్రకవి ఇంటిపేరు కూడా ఈ ఊరిదే.

సమయం మిగిలితే పెన్‌పహాడ్ మండలంలోని నాగులపహాడ్‌కు వెళ్లొచ్చు. అక్కడి గుళ్లు కూడా రేచర్ల వారి కాలానివే. రహదారి మీదే ఉండాలనుకునేవారికి చివ్వెంల మండలంలోని ఉండ్రుగొండ ఉంది. అడవి, కొండ, పాత కోట గోడలు, లక్ష్మీనరసింహుడి గుడి అన్నీ ఒక్కచోటే. ఎండ ముదరకముందే కొండెక్కి దిగితే మంచిది.

న్యూయార్క్ దాకా వెళ్లిన ఫణిగిరి

సూర్యాపేట నుంచి జనగామ రోడ్డు పడితే అర్వపల్లి యోగానంద లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, నాగారం మండలంలోని ఫణిగిరి చేరవచ్చు. మొత్తం గంటలోపు ప్రయాణం. పడగ విప్పిన పాములా కనిపించే కొండ, కింద బిక్కేరు వాగు. కొండ మీద మహాస్తూపం పునాదులు, అర్ధవలయాకారపు చైత్యాలు, భిక్షువులు కూర్చున్న సభామండపం రాతి స్తంభాలు, వాళ్లు ఉన్న విహారాల గదులు వరుసగా కనిపిస్తాయి.

నిజాం కాలంలో, 1940ల్లో, పురావస్తు శాఖ ఈ కొండను తొలిసారి గుర్తించింది. 2001 తర్వాత జరిగిన తవ్వకాల్లో అసలు సంపద బయటపడింది. సున్నపురాతి మీద చెక్కిన తోరణాలు వాటిలో ముఖ్యమైనవి. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరం నాటి శాసనం కూడా ఇక్కడే దొరికింది. కృష్ణ ఒడ్డున విజయపురి నుంచి ఏలిన ఇక్ష్వాకుల మాట ఇంత ఉత్తరాన, ఈ కొండ మీదా చెల్లిందని ఆ శాసనం చెబుతుంది.

2023 జులైలో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలినాటి భారతీయ బౌద్ధ శిల్పాల ప్రదర్శన మొదలైంది. అమరావతి, నాగార్జునకొండ శిల్పాల సరసన ఫణిగిరి తోరణం కూడా నిలబడింది. ఆ మరుసటి ఏడాది మార్చిలో ఇదే కొండ మీద తవ్వుతుంటే ఒక కుండ బయటపడింది. అందులో 3,730 సీసపు నాణేలు ఉన్నాయి. ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు. ఎవరు దాచారో, ఎందుకు దాచారో ఎవరికీ తెలియదు. సముద్రాలు దాటి జనం చూసిన ఆ శిల్పాల సొంత కొండకు సూర్యాపేట పిల్లలు స్కూలు బస్సులో వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. జిల్లాలోని ప్రతి బడీ ఏటా ఒక్కసారైనా ఆ పని చేయాలి.

కోదాడ నుంచి కృష్ణ ఒడ్డుకు

కోదాడ వాళ్లకు మేళ్లచెరువు ఇంటిపక్క ఊరే. ఇక్కడి స్వయంభూ శంభులింగేశ్వరస్వామి లింగం పెరుగుతోందని భక్తుల నమ్మకం. శివరాత్రి జాతర ఈ ప్రాంతానికంతటికీ పెద్ద పండగ. ఆ రోజుల్లో రాతి బండలు లాగే ఎడ్ల పందేలు చూడటానికి రెండు రాష్ట్రాల రైతులు వస్తారు. జాతర రద్దీ వద్దనుకునేవారు మామూలు సోమవారం వెళ్తే ప్రశాంతంగా దర్శనం చేసుకోవచ్చు.

హుజూర్‌నగర్ మీదుగా ఇంకాస్త దక్షిణానికి వెళ్తే మట్టపల్లి. కృష్ణ ఒడ్డున యోగానంద లక్ష్మీనరసింహుడి గుడి. మొక్కు ఉన్నవాళ్లు గుడి చుట్టూ 32 ప్రదక్షిణలు చేస్తారు. కింద పులిచింతల ప్రాజెక్టు కట్టాక నది ఇక్కడ వెడల్పైంది, నీళ్లు గుడి దాకా వచ్చాయి. గుడిని కాపాడటానికి చుట్టూ కరకట్ట కట్టారు. పులిచింతల జలాశయం కింద ఈ ఒడ్డున ఎన్నో ఊళ్లు మునిగిపోయాయి. పొలాలూ ఇళ్లూ వదిలి పైకి తరలివచ్చిన కుటుంబాలు ఇప్పటికీ చుట్టుపక్కలే ఉన్నాయి. ఆ నీళ్లను చూసే వాళ్లు ఆ త్యాగాన్ని కూడా గుర్తుంచుకోవాలి.

కోదాడ నుంచి ఖమ్మం వైపు తిరిగితే దారి నేలకొండపల్లికి వెళ్తుంది. గోల్కొండ చెరసాలలో మగ్గిన భక్త రామదాసు, అంటే కంచర్ల గోపన్న పుట్టిన ఊరు. ఆయన పేరున ధ్యానమందిరం ఉంది. ఊరి పొలిమేరలో విశాలమైన బౌద్ధ స్తూపం ఉంది. భారతంలో విరాటరాజు కొలువు ఇదేనని, కీచకుణ్ణి చంపింది ఇక్కడేనని స్థానికులు చెబుతారు. అటునుంచి పాలేరు జలాశయం మీదుగా సూర్యాపేట చేరుకోవచ్చు. దారిలో కూసుమంచిలో కాకతీయుల నాటి గణపేశ్వరాలయం తప్పక చూడాలి. పాలేరు దగ్గర రోడ్డు పక్కనే వేడివేడిగా వేయించి ఇచ్చే చేపలు చేపప్రియులకు మంచి మధ్యాహ్న భోజనం.

మిర్యాలగూడ నుంచి వాడపల్లి, సాగర్

అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి మీద మిర్యాలగూడ నుంచి దామరచర్ల దాటితే వాడపల్లి. వికారాబాద్ అనంతగిరుల్లో పుట్టి, హైదరాబాద్ నడిబొడ్డు గుండా పారిన మూసీ ఇక్కడే కృష్ణలో కలుస్తుంది. సంగమం దగ్గర రెండు గుళ్లున్నాయి. అగస్త్యేశ్వరాలయంలో లింగం పైన చిన్న గుంటలో ఎప్పుడూ నీళ్లుంటాయి. వేటగాడి బారి నుంచి పిట్టను కాపాడేందుకు శివుడు తన తలలోని మాంసమే ఇచ్చాడని, ఆ గాయమే ఆ గుంట అని కథ.

లక్ష్మీనరసింహస్వామి గుడిలో రెండు దీపాలుంటాయి. స్వామి ముఖానికి ఎదురుగా ఉన్న దీపం వణుకుతూ ఉంటుంది, కిందిది నిశ్చలంగా వెలుగుతుంది. పైదానికి స్వామి ఊపిరి తగులుతోందంటారు భక్తులు. పూజారి హారతి ఇచ్చేటప్పుడు ఆ రెండు వత్తులనూ ఒకేసారి గమనిస్తే తేడా కనిపిస్తుంది.

పడమటికి మళ్లితే హాలియా మీదుగా నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలు వరి మడులయ్యాయంటే ఆ ఎడమ కాలువ చలవే. మిర్యాలగూడ మిల్లుల వెనక కథ అదే. వానాకాలంలో పైనుంచి వరద వచ్చి 26 గేట్లూ ఎత్తినప్పుడు మూడు పట్టణాలూ సాగర్‌కే కదులుతాయి. ఆ రోజుల్లో వెళ్లేవారు ట్రాఫిక్‌కు ఓ రెండు గంటలు అదనంగా లెక్కేసుకోవాలి.

ఆనకట్టను చూసి వెనక్కి తిరిగితే సగమే చూసినట్టు. 1926లో ఒక బడిపంతులు, సూరపరాజు వెంకటరామయ్య, ఈ లోయలో పాత స్తంభాన్ని చూసి ప్రభుత్వానికి తెలియజేయడంతో నాగార్జునకొండ లోకానికి తెలిసింది. లోయ మునిగిపోయేలోపు, 1954 నుంచి 1960 దాకా, ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో భారీ తవ్వకాలు జరిగాయి. ముఖ్యమైన కట్టడాల్ని కొండ మీదికీ అనుపుకూ తరలించి తిరిగి నిలబెట్టారు. నీళ్ల మధ్య దీవిగా మిగిలిన ఆ కొండ మీది మ్యూజియానికి లాంచీలో వెళ్లాలి. శుక్రవారం సెలవు, శని, ఆదివారాలకు ఇబ్బంది లేదు. తెలంగాణ వైపు 274 ఎకరాల్లో 2022 మే 14న బుద్ధవనం ప్రారంభమైంది. అవతలి ఒడ్డున చంద్రవంక మీద ఎత్తిపోతల జలపాతం సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది.

నల్గొండ దాకా వెళ్లగలిగితే పానగల్లు ఛాయాసోమేశ్వరాలయం మరో అద్భుతం. పొద్దు ఎటు తిరిగినా గర్భగుడిలో లింగం వెనక స్తంభం నీడ కదలదు. మండప స్తంభాల అమరిక, లోపలికి పరుచుకునే వెలుతురు కలిసి చేసిన పని అది.

జాతర చూడాలనుకుంటే

సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతులస్వామి జాతర రెండేళ్లకోసారి జరుగుతుంది. తెలంగాణలో మేడారం తర్వాత అంతటి జాతర ఇదే. 2025 ఫిబ్రవరిలో జరిగింది, మళ్లీ 2027లో. జాతర రోజుల్లో హైవే మీది వాహనాలను దారి మళ్లిస్తారు. పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉర్సు ఏటా జనవరిలో జరుగుతుంది. హిందువులు, ముస్లింలు కలిసి వచ్చి అక్కడే వండుకుని కందూరు చేసుకుంటారు. అన్నం పెట్టి పక్కన కూర్చోబెట్టుకునే ఆ పద్ధతిని పిల్లలకు చూపించడం కూడా యాత్రే.

బయల్దేరే ముందు

మార్చి దాటితే ఈ ప్రాంతంలో రాతి నేల కాలుతుంది. కొండలెక్కాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి మేలు. పల్లెల్లో హోటళ్లు తక్కువ కాబట్టి నీళ్లు, పులిహోరో పెరుగన్నమో వెంట తీసుకెళ్లడం మంచిది. కాలువలో మాత్రం దిగొద్దు. పైకి నెమ్మదిగా కనిపించినా సాగర్ కాలువ ప్రవాహం ఈతగాళ్లనూ లాక్కుపోతుంది. కృష్ణ ఒడ్డున స్నానాలు కూడా ఘాటు మెట్ల దగ్గరే చేయాలి.

దారి చూపే బోర్డులు, మరుగుదొడ్లు, చరిత్ర తెలిసిన స్థానిక గైడ్లు చాలాచోట్ల ఇంకా సరిపడా లేరు. ఇవన్నీ ఏర్పాటు చేయాల్సింది ప్రభుత్వమే. కానీ ఆ ఊళ్లకు జనం వస్తున్నారని కనపడితేనే ఆ పనులు ముందుకు కదులుతాయి. కాబట్టి వచ్చే ఆదివారం పిల్లలను పిల్లలమర్రికో ఫణిగిరికో తీసుకెళ్లండి. స్తంభాల మీద పేర్లు చెక్కనీయకండి, శిల్పాలకు పసుపు, నూనె పూయకండి, తెచ్చుకున్న ప్లాస్టిక్ అక్కడ వదలకండి.