ఆలస్యంగా కరిగిన మంచు

చెన్నై మెరీనా బీచికి ఎదురుగా, కామరాజర్ సాలై మీద, ముందుభాగం గుండ్రంగా ఉండే పాత భవనం ఒకటి ఉంది. 1963 నుంచి దాని పేరు వివేకానంద ఇల్లం. తిరువల్లిక్కేణి జనానికి మాత్రం అది నేటికీ ఐస్ హౌసే. 1842లో దాన్ని కట్టించినవాడు ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వ్యాపారి. చలికాలంలో అక్కడి చెరువుల మీద గడ్డకట్టిన మంచును గుర్రాలు లాగే కోత నాగళ్లతో గాట్లు పెట్టించి, దిమ్మలుగా విడదీసి, ఓడలకెక్కించి ఇక్కడి దొరలకు అమ్మేవాడు. కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో మంచు గిడ్డంగులు ఉండేవి. వాటిలో ఇప్పుడు మిగిలింది మద్రాసుదే.

అప్పటికి సూయజ్ కాలువ లేదు. ఓడ ఆఫ్రికా కొసను చుట్టి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి రావాలి. మన ఎండ ఎరిగిన ఎవరికైనా సందేహం వస్తుంది: ఆ మంచు దారిలోనే నీరైపోలేదా?

కొంత అయింది. 1833లో ట్యూడర్ మొదటిసారి కలకత్తాకు పంపిన ‘టస్కనీ’ అనే ఓడ సుమారు 180 టన్నుల మంచుతో బయల్దేరింది. నాలుగు నెలల తర్వాత చేరేసరికి సుమారు 100 టన్నులు మిగిలింది. అంటే 80 టన్నులు కరిగింది. ఒక కిలో మంచు కరగాలంటే దానికి 334 కిలోజౌళ్ల వేడి అందాలి. ఆ లెక్కన 80 టన్నులకు అందిన మొత్తం వేడిని నాలుగు నెలల సెకన్లతో భాగిస్తే వచ్చేది సుమారు రెండున్నర కిలోవాట్లు. స్నానాల గదిలో పెట్టుకునే గీజరు ఒకటి ఇచ్చేంత వేడి అది. చుట్టూ ఉష్ణమండల సముద్రం, నెత్తిన ఎండ. అయినా ఓడ కడుపులోని మంచుకు చేరగలిగింది అంతే. నాకైతే ఈ లెక్క ముందు ట్యూడర్ లాభనష్టాల కథ వెలవెలబోతుంది.

వేడి ప్రయాణించే దిశను నిర్ణయించేది ఉష్ణోగ్రత. ఎవరి దగ్గర ఎంత వేడి నిల్వ ఉందన్నది కాదు. బంగాళాఖాతంలో ఉన్న వేడితో పోలిస్తే గ్లాసెడు కాఫీలో ఉన్నది లెక్కలోకి రాదు. అయినా ఆ గ్లాసును సముద్రంలో ముంచితే వేడి కాఫీ నుంచి సముద్రానికే పోతుంది. కారణం అణువుల దగ్గర ఉంది. వేడిగా ఉన్న వస్తువులో అవి జోరుగా కదులుతుంటాయి, చల్లని దానిలో మందకొడిగా. క్యారమ్ బోర్డు మీద దూసుకొచ్చిన స్ట్రైకరు కదలకుండా ఉన్న కాయిన్లను కొట్టి తన వేగాన్ని వాటికి పంచినట్టు, జోరు మీదున్న అణువులు నెమ్మదివాటికి శక్తిని ఇస్తూ పోతాయి. ఏదో ఒక ఢీకొట్టుడులో అటుది ఇటు జరగవచ్చు గానీ, కోటానుకోట్ల ఢీకొట్టుళ్లలో మొత్తం మీద శక్తి వెచ్చని వైపు నుంచి చల్లని వైపుకే జారుతుంది. రెండూ ఒకే ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఇది ఆగదు. ఏ గోడా ఆపలేదు కూడా. ఆలస్యం చేయగలదు, అంతే. ట్యూడర్ అమ్మిన సరుకు మంచే అయినా, వ్యాపారం నిలబడింది ఈ ఆలస్యం మీద.

ఆలస్యానికి అతను వాడినది రంపపు పొట్టు. కోత మిల్లుల దగ్గర కుప్పలుగా పడి ఉండే చెత్త. ఆ పొట్టు రేణువుల మధ్య గాలి చిక్కుకుని ఉంటుంది. కదలని గాలి వేడిని మోసుకెళ్లే సామర్థ్యం నీటితో పోలిస్తే ఇరవయ్యో వంతు కూడా ఉండదు. అదే గాలి కదిలితే వేరే కథ: వేడెక్కి పైకి లేస్తుంది, చల్లబడి కిందికి దిగుతుంది, వేడిని చేరవేస్తూనే ఉంటుంది. బడిపుస్తకాలు దీన్ని ఉష్ణసంవహనం అంటాయి. ఒకదానికొకటి తాకుతున్న పదార్థాల గుండా సాగేది ఉష్ణవహనం. సూర్యుడి నుంచి శూన్యం దాటి వచ్చేది ఉష్ణవికిరణం. పొట్టు మొదటిదాన్ని దాదాపు ఆపి, రెండోదాన్ని బాగా తగ్గిస్తుంది. ఎండ ఎలాగూ ఓడ అడుగుకు దిగదు. ఒక్క చిక్కు ఉంది: పొట్టు తడిస్తే గాలి ఖాళీల్లోకి నీరు చేరి రక్షణ పోతుంది. అందుకే కరిగిన నీటిని ఎప్పటికప్పుడు బయటికి తీసేయాలి.

పరిమాణం కూడా కలిసొచ్చింది. పది సెంటీమీటర్ల ఘనాన్ని ఒక మీటరు ఘనం చేస్తే లోపలి మంచు వెయ్యి రెట్లవుతుంది, వేడి చొరబడే ఉపరితలం మాత్రం వంద రెట్లే. దిమ్మలను సందు లేకుండా పేరిస్తే ఓడలోని మంచంతా ఒకే పెద్ద గడ్డలా ఉంటుంది. చేపల పెట్టెల్లో వేసే చిదిపిన ఐసుది దీనికి సరిగ్గా వ్యతిరేకం. అక్కడ కావలసింది నిల్వ కాదు. చేపలోని వేడిని తొందరగా లాగేయడం. ముక్క ఎంత చిన్నదైతే చేపను అంత ఎక్కువ చోట్ల తాకుతుంది.

తాకడం అన్నాం కాబట్టి మన చేతుల మాట. స్టీలు, చెక్క ఒకే గదిలో ఉంటే వాటి ఉష్ణోగ్రత ఒకటే. అయినా స్టీలు చల్లగా తోస్తుంది. చర్మం పసిగట్టేది ఉష్ణోగ్రతను మాత్రమే కాదు, వేడి ఎంత జోరుగా పోతోందో కూడా. చర్మం సుమారు 33, 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. దానికంటే చల్లని గదిలో స్టీలు మన వేడిని త్వరగా లాక్కుంటుంది. 2003 మే 31న నుంగంబాకంలో 45 డిగ్రీలు నమోదైంది. అలాంటి రోజు నీడలో ఉన్న ఇనుప కటకటాలు సైతం చెక్క తలుపు కంటే వేడిగా తగులుతాయి. ప్రవాహం తిరగబడింది మరి, ఇనుము ఈసారి వేడిని మనలోకి త్వరగా తోస్తుంది. ఫ్యాను గాలి కూడా అప్పుడు మన వైపే వేడిని తెస్తుంది. ఒంటికి మిగిలే దారి చెమట. గ్రాము చెమట ఆవిరైతే, గ్రాము మంచు కరగడానికి కావలసిన దానికి సుమారు ఏడు రెట్ల వేడిని తీసుకుపోతుంది. చెన్నై తేమలో ఆవిరి కావడమే కష్టం, అదీ మన గోడు.

1870ల్లో మద్రాసులోనే ఆవిరి యంత్రాలతో ఐసు చేయడం మొదలయ్యాక బోస్టన్ మంచుకు గిరాకీ పడిపోయింది. హైకోర్టు వకీలు బిళిగిరి అయ్యంగార్ ఆ భవనాన్ని కొని, కిటికీలు, వరండాలు పెట్టించి నివాసంగా మార్చారు. 1897 ఫిబ్రవరిలో వివేకానందుడు బస చేసింది అక్కడే.

ఐసు యంత్రం చేసేది చల్లని చోటి నుంచి వేడిని తోడి వెచ్చని చోట పోయడం. దానంతట అది జరగని పని కనుక బయటి నుంచి శక్తి ఖర్చు పెట్టాలి. మన ఏసీ ఒక వంతు కరెంటుతో మామూలుగా సుమారు మూడు వంతుల వేడిని గదిలోంచి లాగి, తన ఖర్చుతో కలిపి నాలుగు వంతులు బయటికి వదులుతుంది. ఇరుకు సందులో ఎదురెదురు ఇళ్ల ఏసీ పెట్టెలు ఒకదాని మీదికొకటి ఊదుకుంటే అక్కడి గాలి ఇంకా వేడెక్కుతుంది. అంత వేడి గాలిలోకి వేడిని తోయడానికి కంప్రెసర్ ఎక్కువ శ్రమపడాలి. బయటి పెట్టెకు నీడ, చుట్టూ గాలి ఆడే చోటు ఉంటే అదే చల్లదనం తక్కువ యూనిట్లకు దొరుకుతుంది.