లైబ్రరీ ప్రాజెక్టు అందరిదీ ఒకటే.. మీది వేరుగా కనిపించాలంటే?

క్యాంపస్ ఇంటర్వ్యూకు వచ్చినవాళ్ల రెజ్యూమెలు తిరగేయండి. ‘ప్రాజెక్టు’ అన్న చోట చాలామందికి ఒకటే పేరు: లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్. ఒక లాగిన్ పేజీ, పుస్తకం ఇష్యూ, రిటర్న్, ఫైన్ లెక్క. సీనియర్ల పెన్‌డ్రైవ్ నుంచి జూనియర్ల ల్యాప్‌టాప్‌కి చేతులు మారుతూ వచ్చిన కోడ్ అది. ఇంటర్వ్యూ చేసేవాళ్లకూ ఆ సంగతి తెలుసు. అందుకే ‘దీన్ని ఎవరు వాడుతున్నారు?’ అని ఒక్క ప్రశ్న వేస్తారు. అక్కడ మన నోరు పెగలదు.

ప్రాజెక్టు మార్చనక్కర్లేదు. లైబ్రరీనే తీసుకోండి, కానీ నిజమైన లైబ్రరీని తీసుకోండి. కొత్త సైట్ కట్టడం కాకుండా, ఉన్న సైట్‌ని బాగుచేయండి. ఉద్యోగంలో చేరాక మొదట్లో మీకిచ్చే పని చాలావరకు ఇలాంటిదే. వేరేవాళ్లు రాసిన కోడ్‌లో ఎక్కడ ఆలస్యమవుతోందో, ఎక్కడ తలుపు తెరిచి ఉందో వెతకాలి.

గుంటూరు, ప్రకాశం వైపు వాళ్లకు లైబ్రరీ కొత్త సంగతి కాదు. చీరాల పక్కన వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో మొదలైంది. దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికలు చూడాలంటే పరిశోధకులు ఇప్పటికీ అక్కడికి వెళ్తారు. అంత పెద్దది కాకపోయినా మీ కాలేజీలో ఒక లైబ్రరీ ఉంటుంది, మీ ఊళ్లో ఒక శాఖా గ్రంథాలయం ఉంటుంది. సైట్ ఉంటే సైట్, లేకపోతే పుస్తకాల జాబితా. ఏదో ఒకటి దొరుకుతుంది.

ముందు వాడేవాళ్లు ఎవరో చూడండి

పర్చూరు దగ్గర పల్లెలో గ్రూప్-2కి చదువుతున్న అమ్మాయిని ఊహించుకోండి. మిరప కోతల రోజులు. ఆమెకు దొరికింది ఒక పూట ఖాళీ. బస్సెక్కి లైబ్రరీకి వెళ్లాలా వద్దా అన్నది ఫోన్లో చూసి తేల్చుకోవాలి. పుస్తకం ఉందా? ఎవరైనా తీసుకెళ్లారా? ఇవాళ లైబ్రరీ తెరిచి ఉంటుందా? ఈ మూడింటికీ జవాబు మొదటి పేజీలోనే దొరకాలి. అక్కడ పెద్దల ఫొటోలు గిరగిరా తిరుగుతుంటే ఆమెకు ఒరిగేదేంటి? సిగ్నల్ సరిగా లేని చోట ఆ ఫొటోలు లోడయ్యేలోపు బస్సే వెళ్లిపోతుంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు సెర్చ్ బాక్సులో ఉంది. తెలుగు సైట్లలో దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. మీకు పేరొచ్చేది కూడా ఇక్కడే. ‘వేంకట’ అని ఒకరు, ‘వెంకట’ అని ఇంకొకరు రాస్తారు. పాత పుస్తకాల పేర్లలో బండి ‘ఱ’ ఉంటుంది, వెతికేవాళ్లు మామూలు ‘ర’ కొడతారు. ‘షేక్‌స్పియర్’ అని రాసినప్పుడు మధ్యలో కంటికి కనిపించని క్యారెక్టర్ ఒకటి ఉంటుంది, దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. కేటలాగులో అది ఉండి, మీరు టైప్ చేసిన దాంట్లో లేకపోతే ‘పుస్తకం లేదు’ అని వస్తుంది. పుస్తకం మాత్రం బీరువాలో భద్రంగా ఉంటుంది! అను ఫాంట్లలో డీటీపీ చేయించిన జాబితా అయితే మరీ కష్టం. దాన్ని యూనికోడ్‌లోకి మారిస్తే తప్ప ఏ సెర్చికీ దొరకదు.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సంగతి చూస్తే ఇది ఎంత పెద్ద సమస్యో తెలుస్తుంది. మన చిత్తూరు జిల్లాలో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారి చొరవతో మొదలైన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టులో భాగం అది. వేల తెలుగు పుస్తకాలను స్కాన్ చేశారు. కానీ పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో, ఒక్కోసారి ఒక్కో స్పెల్లింగుతో ఎక్కించారు. ఉన్న పుస్తకమే దొరికేది కాదు. చివరికి తెలుగు వికీపీడియా వాలంటీర్లు కూర్చుని ఆ పేర్లను తెలుగు లిపిలో జాబితాలుగా తయారుచేశారు. ఆ తర్వాత అసలు సైటే మూతపడింది. చాలా పుస్తకాల కాపీలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉండబట్టి బతికాయి.

మీరు చేయాల్సింది చిన్న పనే. వెతికే మాటనీ, కేటలాగులో మాటనీ రెండింటినీ ఒకే రూపంలోకి తెచ్చి పోల్చాలి. కనిపించని క్యారెక్టర్లు తీసేయడం, ‘ఱ’ని ‘ర’గా చూడటం, దీర్ఘాల తేడాని సర్దడం. కోడ్ యాభై లైన్లు దాటకపోవచ్చు. పైథాన్ వచ్చిన సెకండియర్ స్టూడెంట్ కూడా చేయగలరు.

వేగం అంటే అంకెలు

‘సైట్‌ని ఫాస్ట్ చేశాను’ అంటే ఎవరూ నమ్మరు. ఎంత నుంచి ఎంతకు తెచ్చారు? క్రోమ్ బ్రౌజర్లోనే లైట్‌హౌస్ అనే టూల్ ఉంది, ఉచితం. పని మొదలుపెట్టే ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి కొలిచి స్క్రీన్‌షాట్లు దాచుకోండి. గూగుల్ చెప్పే కొలతల ప్రకారం పేజీలో ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి. నొక్కిన బటన్ 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి. చదువుతుండగా పేజీ కిందికీ పైకీ జరిగే లెక్క 0.1 దాటకూడదు. మీ ల్యాప్‌టాప్‌లో వైఫై మీద కాకుండా, నెట్‌వర్క్ స్పీడు తగ్గించి, మామూలు ఫోన్లో చూడండి.

ఆలస్యానికి కారణం ఎక్కువగా బొమ్మలే. ఫోన్తో తీసిన పుస్తకాల అట్టలు ఒక్కోటి 2 ఎంబీ అనుకోండి. పేజీలో నలభై ఉంటే 80 ఎంబీ! వాటినే వెబ్‌పీ ఫార్మాట్లో 30 కేబీకి తగ్గిస్తే మొత్తం 1.2 ఎంబీ. కిందికి జరిపినప్పుడే లోడయ్యేలా పెడితే అదీ తగ్గుతుంది. గుణింతాలు, ఒత్తుల కలయికలన్నీ ఉండాలి కాబట్టి తెలుగు ఫాంటు ఫైలు కూడా బరువే. వాఫ్2 రూపంలో ఇవ్వండి, అది వచ్చేదాకా ఫోన్లోని ఫాంటుతోనే అక్షరాలు చూపించండి. ఇక డేటాబేస్. ముందూ వెనకా పర్సెంట్ గుర్తు పెట్టి ‘లైక్’తో వెతికితే మామూలు ఇండెక్స్ పనిచేయదు, ప్రతి వరుసనీ తిరగేస్తుంది. ఫుల్ టెక్స్ట్ ఇండెక్స్ పెట్టి తేడా కొలవండి.

ఆత్రంగా ‘హ్యాక్’ చేయొద్దు

సెక్యూరిటీ దగ్గర కుర్రాళ్లు ఒక పొరపాటు చేస్తారు. యూట్యూబ్ చూసి, ఏదో సైట్లో ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ ప్రయత్నించి, స్క్రీన్‌షాట్ స్టేటస్‌లో పెడతారు. అనుమతి లేకుండా అలా చేయడం నేరం. ఐటీ చట్టం 2000లోని 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా పడొచ్చు. ఉద్యోగం సంగతి దేవుడెరుగు, ఇంట్లోవాళ్లు స్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తుంది. లైబ్రేరియన్ గారి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. అసలు సైట్ జోలికి పోకుండా దాని కాపీ మీ ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని పరీక్షించండి. సైటే లేకపోతే కోహా వేసుకోండి. న్యూజిలాండ్‌లో ఒక చిన్న లైబ్రరీ కోసం తయారై, 2000 నుంచి వాడకంలో ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్ అది.

‘లైబ్రరీలో దొంగిలించడానికి ఏముంటుందండీ?’ అంటారా? 2023 అక్టోబరులో లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. దాదాపు 600 జీబీ డేటా బయటపడింది. ఆన్‌లైన్ కేటలాగు మళ్లీ కనిపించడానికి 2024 జనవరి దాకా పట్టింది. దూరం నుంచి లాగినయ్యే ఒక సర్వర్‌కి రెండో అంచె తనిఖీ లేకపోవడం, పాతబడిన సిస్టమ్‌లు నష్టాన్ని పెంచాయని ఆ లైబ్రరీయే తన నివేదికలో రాసుకుంది. మన లైబ్రరీలో ఉండేది సభ్యుల ఫోన్ నంబర్లు, చిరునామాలు. ఆ అమ్మాయి నంబరు కూడా అందులోనే ఉంటుంది. కాబట్టి లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి ఉచిత సర్టిఫికెట్, క్వెరీల్లో పారామీటర్లు, హ్యాష్ చేసిన పాస్‌వర్డులు, అడ్మిన్ లాగిన్‌కి ఓటీపీ, వారానికోసారి వేరే చోట బ్యాకప్. ఆ బ్యాకప్ నిజంగా తిరిగి వస్తుందో లేదో ఒకసారి వెనక్కి తెచ్చి చూడాలి. ఈ చివరి పని చేసినవాళ్లు తక్కువ. ఇంటర్వ్యూలో అది చెప్పండి, అవతలివాళ్లు పెన్ను కింద పెట్టి వింటారు.

కంప్యూటర్ సైన్స్ కాకపోయినా పర్లేదు. బీకాం, బీఏ, లైబ్రరీ సైన్స్ వాళ్లు ఐదుగురి చేతికి ఫోన్ ఇచ్చి ‘ఈ పుస్తకం ఉందో లేదో కనుక్కోండి’ అని చెప్పి, పక్కన కూర్చుని చూడొచ్చు. నేర్పొద్దు, మాట సాయం చేయొద్దు. ఎక్కడ ఆగారో, ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. యూఎక్స్, టెస్టింగ్ ఉద్యోగాలకు ఆ కాగితమే మీ పోర్ట్‌ఫోలియో.

రెజ్యూమెలో ‘లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్’ అన్న లైను కొట్టేసి, ఆ చోట లైబ్రరీ పేరు, కొలిచిన అంకెలు ముందు ఎంత, తర్వాత ఎంత అన్నది రాయండి. లైబ్రేరియన్ గారి నుంచి సంతకంతో లెటర్ తీసుకోండి. ఆయనకి మీరూ ఒక కాగితం ఇవ్వాలి. బ్యాకప్ ఎలా తీయాలి, పాస్‌వర్డ్ ఎలా మార్చాలి, సైట్ ఆగితే ముందు ఏం చూడాలి.. అన్నీ తెలుగులో, ఒకటే పేజీలో. ఉద్యోగం వచ్చి మీరు హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోయాక, ఆ సైట్‌ని చూసుకోవాల్సింది ఆయనే కదా.