‘గడప’: ఒక దారుశిల్ప పదం - అర్థాలు, ప్రయోగాలు

వ్యాససంగ్రహం:
ద్వారబంధపు అడుగు కమ్మికి పేరైన ‘గడప’ తెలుగులో ఇంటికి, కుటుంబానికి, హద్దుకు, గౌరవానికి సంకేతంగా విస్తరించింది. ఈ అర్థాలకు మూలం నిర్మాణంలో ఆ కొయ్య చేసే పనేనని, నిఘంటు వివరణ కూడా అక్కడినుంచే మొదలు కావాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గడప, ద్వారబంధం, దేహళి, వృత్తిపదాలు, అర్థవిస్తృతి.

1. ఉపోద్ఘాతం:
తెలుగులో వృత్తిపదాల శాస్త్రీయ సేకరణకు భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశపు వ్యవసాయ సంపుటం బాట వేసింది. పదాన్ని అది పుట్టిన పనిలో ఉంచి చూడాలన్నది ఆ కృషి నేర్పిన పాఠం. వడ్రంగానికి, గృహనిర్మాణానికి ఉమ్మడి పదమైన ‘గడప’ను ఆ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. నిర్మాణంలో గడప:
సంప్రదాయ ద్వారబంధంలో నాలుగు కొయ్యలుంటాయి: రెండు నిలువు కమ్ములు, పైన ఒక అడ్డకమ్మి, కింద గడప. నిలువు కమ్ముల కొనలను కుసులుగా చెక్కి, గడపలో తొలిచిన రంధ్రాల్లో బిగిస్తారు. గడప చేసే పనులు మూడు. నిలువు కమ్ముల మధ్య ఎడం మారకుండా పట్టి ఉంచడం మొదటిది. బందులు లేని పాతకాలపు తలుపు కింది మొన తిరగడానికి గుంట కల్పించి, దాని బరువును మోయడం రెండవది. వాననీటిని, దుమ్మును, పురుగుపుట్రను అడ్డుకోవడం మూడవది. నేల తేమ, చెద, నిత్యం కాళ్ల తాకిడి దీనికే ఎక్కువ కనుక గడపకు చేవగల కొయ్యను ఎంచుకుంటారు. చాలాచోట్ల రాతినే వేస్తారు. అమరకోశం గడపకు దేహళి, గృహావగ్రహణి అనే పేర్లిచ్చింది. ద్వారం అడుగున ఉండే కొయ్యకు ‘శిల’ అనే పేరు కూడా అందులో కనిపించడం ఇక్కడ గమనించదగినది.

గడపను, గుమ్మాన్ని పర్యాయాలుగా వాడటం ఉన్నా వాటి మధ్య భేదం ఉంది. గుమ్మం మనిషి నిలబడగల ద్వారప్రదేశం. గడప దాటవలసిన అడ్డం. అందుకే ‘గుమ్మంలో నిలబడ్డాడు’ అనడం సహజం. గడప మీద నిలబడటాన్ని మాత్రం పెద్దలు వారిస్తారు.

3. వ్యుత్పత్తి:
గడప, గడచు, గడపు, గడువు అనే పదాలను ఒకే కుటుంబానికి చెందినవిగా చూడవచ్చు. తమిళంలో ‘కడ’ అంటే దాటు. ‘కడై’కి కొన, వాకిలి అనే అర్థాలున్నాయి. కాలాన్ని దాటించడం గడపడం. దాటకూడని కాలపు హద్దు గడువు. దాటవలసిన స్థలపు హద్దు గడప. ‘గడియ’ మాత్రం సంస్కృత ‘ఘటిక’కు తద్భవం కనుక దీన్ని ఈ కుటుంబంలో చేర్చరాదు. పదాది క-గ వినిమయానికి కడప, గడప రూపాలు నిదర్శనం. కడప పట్టణం తిరుమలకు గడప కావడంవల్లనే ఆ పేరు వచ్చిందని జనవ్యవహారం. అక్కడి లక్ష్మీవేంకటేశ్వరాలయం ఉన్న ప్రాంతాన్ని నేటికీ దేవుని కడప అంటారు.

4. అర్థవిస్తృతి:
4.1. భాగంనుంచి మొత్తానికి: ‘నూరు గడపల ఊరు’ అన్నప్పుడు గడప ఇంటికి లెక్కింపు ప్రమాణం. ‘గడపగడపకూ తిరగడం’ అన్న నేటి రాజకీయ ప్రయోగానికి ఇదే ఆధారం. తలుపు, కప్పు, గోడ ఇంటిలో భాగాలే అయినా వాటితో ఇళ్లను లెక్కించం. బయటివారు ఇంటిని మొదట తాకేది గడప దగ్గరే కావడం దీనికి కారణం కావచ్చు.

4.2. హద్దునుంచి అధికారానికి: ‘ఆ ఇంటి గడప తొక్కను’ అనేది ఆత్మగౌరవ ప్రకటన. ‘గడప ఎక్కనివ్వలేదు’ అనేది అవమాన కథనం. కులవివక్షను చెప్పే సందర్భాల్లో ఈ మాట అక్షరార్థంలోనే వర్తిస్తుంది. ‘గడప దాటని ఇల్లాలు’ అన్నది ఒకప్పుడు ప్రశంస. పురుషుని విషయంలో అలాంటి ప్రశంస వాడుకలో లేదు. ఒకే కొయ్య ఒకరికి రక్షణగా, మరొకరికి నిషేధంగా మారిన తీరును ఈ ప్రయోగాలు భద్రపరిచాయి.

4.3. సంధిస్థానం: గడప లోపలా కాదు, బయటా కాదు. హిరణ్యకశిపుని వధకు గడపను వేదికగా చెప్పుకోవడంలోని ఔచిత్యం ఇదే. కొత్తకోడలు గడప దగ్గర బియ్యపు చెంబును కాలితో తోసి లోపలికి రావడం, గడపకు పసుపు కుంకుమలు పెట్టడం వంటి ఆచారాలు ఈ సంధిస్థానాన్ని శుభస్థానంగా మార్చుకున్నాయి.

5. శాస్త్రపరిభాషలో:
గడపపై పెట్టిన దీపం లోపలికీ బయటికీ వెలుగునిస్తుంది. ఒకే పదం ముందువెనకల రెండింటితోనూ అన్వయించే సందర్భాన్ని వ్యాఖ్యాతలు దేహళీదీపన్యాయం అన్నారు. ఇంటికి అడ్డంగా ఉన్న కొయ్య వాక్యాన్వయానికి ఉపమానమైంది. ఇక్కడ గడప వేరుచేసేది కాదు, రెండు వైపులనూ కలిపేది.

6. ముగింపు:
నేటి ఇళ్లలో లోపలి గదుల తలుపులకు మూడు కమ్ముల చట్రాలే ఎక్కువ. పలకల నేల ఒకే మట్టంలో సాగుతుంది. వస్తువు తగ్గుతుండగా జాతీయాలు మాత్రం నిలిచి ఉన్నాయి. కుసి దిగిన గడపను చూడని విద్యార్థికి ‘గడప దాటు’ అలంకారంగా మాత్రమే అందుతుంది. కాలెత్తి దాటవలసిన అడ్డం ఒకటి ఉండేదన్న స్ఫురణ ఉండదు. కాబట్టి నిఘంటువులో ఈ పదానికి ద్వారబంధపు అడుగు కమ్మి, దాటవలసిన హద్దు, ఇల్లు, కుటుంబగౌరవం అనే క్రమంలో అర్థాలను, ప్రతి అర్థానికీ ప్రయోగాన్ని ఇవ్వడం అవసరం. మొదటి అర్థాన్ని సమగ్రంగా చెప్పగలవారు వడ్రంగులు. వారి నోటినుంచి కొయ్య పేర్లు, అతుకుల పేర్లు, కొలతల పేర్లు ప్రాంతాలవారీగా సేకరించే పనిని పరిశోధకులు ఇప్పుడే చేపట్టాలి. చేతిపని ఆగిన తరువాత ఆ పేర్లను అడగడానికి మనుషులు దొరకరు.