గురిపలకకు ఏ తూటా? పొలమునకు ఏ తూటా?

కళాశాలలో చదువుచు ఎన్.సి.సి. దళమునందు చేరినవారికి ఒక చిన్న తుపాకితో పరిచయము కలిగి యుండును. నేలపై బోరగిల పరుండి, ఎదుటి కాగితముపై ఐదు గుండ్లను కాల్చి, అవి యన్నియు దగ్గరదగ్గరగా పడినవో లేదో చూచుకొనుట అచటి మొదటి పాఠము. ఆ తుపాకిని విద్యార్థులు 'పాయింట్ టూటూ' అందురు. అనగా దాని గొట్టపు లోపలి వ్యాసము అంగుళమును నూరు భాగములు చేయగా అందు ఇరువది రెండు భాగములన్నమాట. దానిలో పెట్టు తూటా చిటికెన వ్రేలికంటె సన్నముగా నుండును.

ఆ తూటాకు తోబుట్టువులు మరి నాలుగైదు కలవు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో తుపాకుల అంగడికి పోయిన రైతుకు అవి యన్నియు బల్లమీద వరుసగా కనబడును. ధరలు వేరు, వేగములు వేరు, పెట్టెలపై అచ్చువేసిన ప్రగల్భములు వేరు. 'వీనిలో ఏది మంచిది?' అని అత డడుగును. 'దేనిమీద కాల్చెదవు?' అని అంగడివాడు తిరిగి యడిగినచో, వాడు పని తెలిసినవా డన్నమాట. గురిపలకపై తప్పిన గుండు ఒక మార్కును మాత్రమే పోగొట్టును. పొలములో తప్పిన గుండు కాలు విరిగిన ప్రాణిని బొరియలోనికి పంపి, అచట దినములకొలది బాధపెట్టి చంపును. కాదేని రాతిని తాకి పైకెగసి, పొరుగువాని పశువుల మందలోనికి పోవును. కనుక ఈ ఎంపికను ధరతోడను వేడుకతోడను ముడిపెట్టి ఊరకుండుట తగదు.

ముందుగా ఈ జాతి తూటాల నిర్మాణమును కొంచెము తెలిసికొనవలెను. పెద్ద తుపాకుల తూటాకు అడుగున నడుమ ఒక చిన్న టోపీ యుండును; తుపాకి సూది దానిని పొడిచిన మంట పుట్టును. ఈ చిన్న తూటాలకు ఆ టోపీ లేదు. ఇత్తడి గొట్టము అడుగున వెలుపలికి మడచిన అంచులోనే ఆ మంట పుట్టించు మందు చేరి యుండును. సూది ఆ అంచును నలిపినచో మందు అంటుకొనును. అంచు నలుగవలెనన్న ఇత్తడి పలుచగా నుండవలెను. పలుచని ఇత్తడి పెద్ద ఒత్తిడికి ఓర్వజాలదు. ఈ జాతి తూటాలు చిన్నవిగా, చవుకగా, ఒకసారికే పనికివచ్చునవిగా ఉండుటకు కారణ మిదియే.

1845 ప్రాంతమున పారిసు నగరములో ఫ్లోబేర్ అను తుపాకుల పనివాడు ఇంటిలోపల కాల్చుకొను వినోదమునకై దీని మూలరూపమును చేసెను. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ సంస్థవారు తమ చిన్న రివాల్వరుకై .22 షార్ట్ అను తూటాను తెచ్చిరి. ముప్పది యేండ్లకు, 1887లో, స్టీవెన్స్ సంస్థనుండి .22 లాంగ్ రైఫిల్ వెలువడెను. నేటికిని లోకములో మిక్కిలిగా కాల్చబడు తూటాలలో అది ముందున్నది. 1959లో వించెస్టర్ వారు .22 మాగ్నమును, 2002లో హార్నెడీ వారు .17 హెచ్.ఎం.ఆర్. అను దానిని ప్రవేశపెట్టిరి. ఈ చివరిది మాగ్నము తూటా మెడను నొక్కి సన్నము చేసి, అందులో అంగుళమున నూరింట పదునేడు వంతులుగా పిలువబడు మిక్కిలి సన్నని గుండును పెట్టిన రూపము.

లెక్కలు కొన్ని చెప్పక తప్పదు. లాంగ్ రైఫిల్ గుండు సాధారణముగా 40 గ్రెయినులు, అనగా రెండు గ్రాములన్నరకు కొంచెము పైన. పోటీలకు వాడు రకము సెకనుకు ఇంచుమించు 1,070 అడుగుల వేగముతోను, వేగపు రకము 1,250 అడుగులతోను బయలుదేరును. మాగ్నము అంతే బరువుగల గుండును 1,900 అడుగుల వేగముతో పంపును. .17 గుండు 17 గ్రెయినులు మాత్రమే, అనగా గ్రాముకంటె కొంచె మెక్కువ. కాని దాని వేగము 2,550 అడుగులు.

ఈ అంకెలు విన్నవాడు వేగము ఎక్కువైనది అన్నింటను మేలని తలచును. గురిపలకమీద ఆ తలపు చెల్లదు. యాబది మీటర్ల రైఫిలు పోటీలో పది మార్కుల చుట్టు వ్యాసము 10.4 మిల్లీమీటర్లు; మన చొక్కా గుండీ అంత. ఒలింపిక్ నియమములు ఆ పోటీకి 5.6 మిల్లీమీటర్ల తూటాను, అనగా .22 లాంగ్ రైఫిలునే అనుమతించును. 2014లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడలలో మన హైదరాబాదు వాడైన గగన్ నారంగ్ పరుండి కాల్చు పోటీలో రజతపతకమును, 2024లో పారిసు ఒలింపిక్సులో మహారాష్ట్రకు చెందిన స్వప్నిల్ కుసాలే మూడు భంగిమల పోటీలో కాంస్యమును పొందినది ఈ తూటాతోడనే. నియమము లేకున్నను వారు దీనినే కోరుకొందురనుటకు బలమైన కారణము కలదు.

ధ్వని గాలిలో సెకనుకు ఇంచుమించు 1,125 అడుగులు పోవును. పోటీ తూటాలను చేయువారు గుండు వేగమును బుద్ధిపూర్వకముగా దానికి దిగువన ఉంచుదురు. వేగపు రకము గుండు ధ్వనిని మించి బయలుదేరి, నూరు గజములు పోవులోపలనే దానికంటె క్రిందికి దిగును. ఆ హద్దును దాటునపుడు గాలి అడ్డు ఒక్కుమ్మడిగ హెచ్చి యుండును. గుండు నిలుకడయు కొంత చెడును. దీనినుండి పుట్టు విచిత్రమును వినుడు. గంటకు పది మైళ్ల ప్రక్కగాలి వీచుచుండగా నూరు గజములలో నెమ్మది గుండు ఇంచుమించు నాలుగు అంగుళములు ప్రక్కకు తొలగును. వేగపు గుండు ఐదున్నర అంగుళములు తొలగును. త్వరగా చేరిన గుండే ఎక్కువ తొలగును!

ఇది గారడి కాదు. గాలి గుండును ఎంత త్రోయునన్నది అది గాలిలో గడపిన మొత్తము కాలమునుబట్టి యుండదు. గాలి అడ్డే లేనిచో ఆ దూరము పోవుటకు ఎంత కాలము పట్టునో, అడ్డుండగా నిజముగా ఎంత పట్టెనో, ఆ రెంటి నడిమి తేడానుబట్టి యుండును. అనగా దారిలో గుండు పొందిన ఆలస్యమే లెక్క. వేగపు గుండు మొదటి నూరు గజములలో సెకనుకు రెండువందల అడుగులకు పైగా వేగమును పోగొట్టుకొనును. నెమ్మది గుండు నూట ముప్పది అడుగుల ప్రాంతమున మాత్రమే పోగొట్టుకొనును. దూరపు గురిపలకకు 'హై వెలాసిటీ' అని మెరయు అక్షరములున్న పెట్టెను కొనువాడు ఎక్కువ సొమ్మిచ్చి ఎక్కువ గాలిని కొనుచున్నాడు.

మరియొక సంగతి. ఒకే పేరు, ఒకే ధరగల తూటాలైనను ఒక బట్టీవి ఒక తుపాకిలో చక్కగా పడును, మరియొక బట్టీవి పడవు. అందుచేతనే గొప్ప పోటీదారులు తమ తుపాకిని బర్మింగ్‌హాములోని ఎలీ వంటి తయారీదారుల పరీక్షాశాలకు తీసికొనిపోయి, వేర్వేరు బట్టీలను వరుసగా కాల్చి చూచి, నప్పిన దానినే పెద్దమొత్తమున కొందురు. క్రొత్తగా నేర్చుకొనువాని కంత ఆడంబరము వలదు. నాలుగైదు రకముల పెట్టెలు ఒక్కొక్కటి తెచ్చి, ఒకే దినమున కాల్చి చూచినచో తన తుపాకి యిష్టము వానికి తెలియును.

ఇక పొలము మాట. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది గనుక, ఈ భాగము ముఖ్యముగా అమెరికాకు చెందినది. అచటి పడమటి రాష్ట్రముల పచ్చిక బయళ్లలో నేల ఉడుతలును, ప్రెయిరీ డాగ్ అనబడు జంతువులును బొరియలు త్రవ్వి, పైరును పచ్చికను తినివేయును. ప్రెయిరీ డాగు పేరునకు కుక్కయే గాని జాతికి ఉడుత. ఇట్టి జంతువుల నన్నిటిని అచట 'వార్మింట్' అను ఒక్క మాటతో కొట్టివేయుదురు. ఆ మాట అంత న్యాయమైనది కాదని నా మతము. నల్లకాళ్ల ఫెర్రెట్ అను ముంగిసవంటి జంతువు ప్రెయిరీ డాగులను తినియే బ్రదుకును. అవి తరిగిపోగా అదియు నశించినదని అందరు అనుకొనిరి. 1981లో వయోమింగు రాష్ట్రమున మరల కొన్ని కనబడినవి. రైతు కష్టము నిజమే. బొరియలలో కాపురముండు జీవి కేవలము పురుగు కాదనుటయు నిజమే.

పొలములో దూరము ఎవరును కొలిచి ఇయ్యరు; జంతువు తలయెత్తిన చోటనే కాల్చవలెను. ఇచట .17 తూటా మేలు స్పష్టము. నూరు గజములకు గురి సరిచేసిన .17 తుపాకిలో గుండు దారి అంతవరకు చూపురేఖను ఇంచుమించు అంటుకొనియే యుండును. 150 గజములకు రెండున్నర అంగుళములు, 200 గజములకు ఎనిమిదిన్నర అంగుళములు దిగును. యాబది గజములకు సరిచేసిన లాంగ్ రైఫిలు నూరు గజములకే ఆరేడు అంగుళములు దిగును. ఉడుత గుండెయు ఊపిరితిత్తులు నున్న చోటు రెండంగుళములకు మించదు. దూరమును ఇరువది గజములు తప్పుగా ఊహించిన లాంగ్ రైఫిలు వాడు గాయపరచి విడచును.

రెండవ మేలు ఇంకను గొప్పది. .17 గుండు పలుచని రాగి తొడుగుతో, కొనయందు ప్లాస్టికు ముక్కుతో నుండి, తాకినంతనే తునుకలగును. మెత్తని సీసపు లాంగ్ రైఫిలు గుండు అట్లు పగులదు. గట్టినేలనో, రాతినో, నీటినో తాకి ఎగిరిపోవును. ఆ తూటా పెట్టెలమీద ఒకటిన్నర మైలు వరకు అపాయము కలదని హెచ్చరిక వ్రాయుట ఆచారము. పశువులు మేయు చోట, ఇండ్లు కనబడు చోట ఈ భేదమే నిర్ణయము చేయవలెను. తునుకలగు గుండైనను వెనుక మట్టికట్ట లేనిచోట కాల్చరాదన్నది వేరు మాట.

దాని లోపములును చెప్పవలెను. గాలిలో అది లాంగ్ రైఫిలుకంటె నయమే; నూరు గజములకు మూడంగుళములే తొలగును. కాని 150 గజములకు ఆ తొలగుట ఏడెనిమిది అంగుళములగును. మాంసముకై కుందేలును కాల్చువానికి అది తగదు, కండను చీల్చివేయును. అచట లాంగ్ రైఫిలే గృహస్థు తూటా. నక్కకంటె పెద్దదగు కయోటీ వంటి జంతువుపై గ్రాము బరువు గుండును వాడుట నిర్దయ. ధరయు లాంగ్ రైఫిలుకు రెండు మూడింతలు.

.22 మాగ్నము ఈ రెంటి నడుమ నిలుచును. నూరు గజముల లోపల రకూన్, నక్క వంటివానికి దాని బరువైన దెబ్బ పనికివచ్చును. కాని గాలిలో అది వేగపు లాంగ్ రైఫిలువలెనే తొలగును, గురి సన్నదనమున సాధారణముగా.17కు తీసికట్టు. తక్కినవానిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. .17 మాక్ 2, గోడలలో మేకులు దింపు యంత్రపు తూటానుండి పుట్టిన .17 సూపర్ మాగ్నము, 1970 ప్రాంతమున వచ్చి త్వరలోనే వెనుకబడిన రెమింగ్టన్ 5 మిల్లీమీటర్లు – ఇవి మంచివే కావచ్చును. ఊరి అంగడిలో తూటా దొరకని తుపాకి గోడకు అలంకారము.

సీసము సంగతి ఒకటి యున్నది. కాల్చి వదలిన ఉడుత కళేబరములను గ్రద్దలును రాబందులును తినును. గుండు తునుకలలోని సీసము వాని రక్తమున చేరును. కాలిఫోర్నియాలో కాండోర్ అను మహాపక్షి ఇట్లే చచ్చుచుండుటచేత, 2019 జూలై 1 నుండి ఆ రాష్ట్రమున అన్నివిధముల వేటకును సీసపు గుండు నిషేధింపబడినది. సీసము తీసివేసిన లాంగ్ రైఫిలు గుండు తేలికయై, గురి తరచుగా చెడును. .17 గుండు మొదటినుండియు తేలికయు వేగమును గలది గనుక ఈ మార్పుచేత దానికి వచ్చు నష్టము తక్కువ. అచటి రైతునకు ఇదియు ఒక లెక్క.

ఒక జాగ్రత్త. మాగ్నము తుపాకిలో లాంగ్ రైఫిలు తూటా దూరును, పేలును గూడ; పేరు రెంటికిని ఇరువది రెండే. కాని మాగ్నము గొట్టము వెడల్పు. అందులో సన్నని ఇత్తడి చీలి, వేడి వాయువు వెనుకకు కాల్చువాని ముఖమువైపు రావచ్చును. తుపాకి గొట్టముపై చెక్కిన పేరును, తూటా పెట్టెపై నున్న పేరును అక్షరమక్షరము పోల్చి చూడవలెను.

తూటాను ఎన్నుకొన్న పిమ్మట దాని దూరమును ఎవరికి వారు కొలిచికొనవలెను. పొలములో ఎట్లు కూర్చుందురో అట్లే కూర్చుండి, రెండంగుళముల కాగితపు బిళ్లపై యాబది గజములనుండి ఐదు గుండ్లు, డెబ్బదియైదునుండి ఐదు, నూటినుండి ఐదు, ఇట్లు కాల్చుచు పోవలెను. ఐదింట ఒకటి బిళ్ల దాటిన చోట ఆగవలెను. గడ్డి ఊగుచున్న దినమున ఈ పరీక్షను మరల చేసినచో, నిశ్చలమైన ఉదయమున 150 గజములవరకు చెల్లిన .17 తుపాకి నూటికి లోబడుటయు, 75 గజముల లాంగ్ రైఫిలు 50 గజములకు దిగుటయు కనబడును.