పడుగు పేకలు - గణకయంత్రపు స్మృతి

ఎమ్మిగనూరు చేనేతకు పేరుపడిన ఊరు. మాచాని సోమప్ప 1938లో అక్కడ నేతపనివారి సహకార సంఘాన్ని స్థాపించారు. మగ్గం మీది గుడ్డలో నిలువుగా సాగేది పడుగు, అడ్డంగా పోయేది పేక. గణితంలో మాత్రిక అనే అంకెల పట్టిక కూడ ఇటువంటి నేతయే. కాని గణకయంత్రపు స్మృతిలో వెడల్పనేది లేదు. ఉన్నది ఒకే పొడవైన దారం. పేకను ఊడదీసి పరచినట్లు, ఒక అడ్డువరుస ముగిసినచోట మరొకటి మొదలవుతుంది. (పేక వచ్చిన దారినే మళ్లుతుంది, స్మృతిలో ప్రతి వరుసా ఎడమనుండే ఆరంభం. పోలికకు అంతమాత్రం లోపముంది.) సి భాష పద్ధతి ఇది. 1957లో వెలువడిన ఫోర్ట్రాన్ నిలువువరుసలను ఒకదాని వెనుక ఒకటి పేరుస్తుంది.

ఈ అమరికతో నిమిత్తమేమిటి? ప్రధాన స్మృతినుండి ఒక సంఖ్య వచ్చేలోగా యంత్రం నూరు కూడికలైనా చేయగలదు. అందుచేత నడుమ ‘క్యాష్’ అనే చిన్న, వేగవంతమైన స్మృతినుంచుతారు. ఐ.బి.ఎం. సంస్థ 1968లో తన 360/85 యంత్రంలో దీనిని ప్రవేశపెట్టింది. ఎమ్మిగనూరు నేతగాడు, సుమారు 30 కిలోమీటర్ల దూరాన పత్తి మార్కెట్టుకు ప్రసిద్ధికెక్కిన ఆదోని నుండి నూలు తెచ్చుకుంటున్నాడనుకుందాము. చిలప ఒక్కటి కావలసినా బండి ఎనిమిది చిలపల కట్టనే తెస్తుంది. నేటి యంత్రాలలో సాధారణంగా 64 బైట్ల కట్ట, అనగా 8 బైట్ల సంఖ్యలు ఎనిమిది, ఒక్కమారుగా వస్తుంది. అన్నింటినీ వాడుకొన్నవాడికి ప్రయాణం గిట్టుతుంది. ఒకటి వాడి తక్కినవి పారవేసేవాడికి ఆదోని దారి తరగదు.

1000 వరుసల మాత్రికలు రెండింటిని గుణించాలంటే నూరు కోట్ల గుణకారాలు. బడిలో నేర్పే పద్ధతిలో రెండవ మాత్రికను నిలువుగా చదవాలి. దిగే ప్రతి అడుగుకూ 8000 బైట్ల దూరం, ప్రతి అడుగుకూ కొత్త కట్ట! మనిషి వ్రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలరు ఇక్కడ నేర్పు చూపగలదు. లెక్కలోని లోపలి రెండు చుట్ల క్రమం తారుమారు చేస్తే ఆ మాత్రికను కూడ అడ్డంగానే చదవవచ్చును. గుణకారం ఒక్కటీ తగ్గదు, ఫలితం మారదు; తగ్గేవి బండి ప్రయాణాలే.

మరొక ఉపాయం ముక్కలు చేయడం. 32 వరుసల చదరపు ముక్కలు మూడింటికి 24,576 బైట్లు చాలు. అవి 32 కిలోబైట్ల క్యాష్‌లో ఇముడుతాయి. లోనికి వచ్చిన సంఖ్య వెడలేలోగా 32 మార్లు ఉపయోగపడుతుంది. ఇటువంటి మార్పులను కంపైలరే ఎంచుకునే విధానాన్ని మైకేల్ వుల్ఫ్, మోనికా లామ్ 1991లో ప్రకటించారు. తరువాత బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యుడైన ఉదయ్ బొందుగుల, సహచరులు 2008లో వెలువరించిన ‘ప్లూటో’ కూడ ఈ కోవలోనిదే.

వరుస పొడవు 1000 బదులు 1024 అయితే చిత్రమైన చిక్కు వస్తుంది. ఆ క్యాష్‌లో 64 అరలు, అరకు ఎనిమిది కట్టలు ఉన్నాయనుకుందాము. ఏ కట్ట ఏ అరకు పోవాలో చిరునామా నిర్ణయిస్తుంది. 8192 బైట్ల అంగలతో నిలువుగా దిగితే కట్టలన్నీ ఒకే అరకు చేరతాయి; తొమ్మిదవది రాగానే పాతదొకటి బయటికి. తక్కిన 63 అరలూ ఉన్నా లేనట్లే. ప్రతి వరుస చివర ఎనిమిది సంఖ్యల చోటు ఊరికే వదిలితే ఒక్కొక్క కట్ట పక్క అరలోకి జరుగుతుంది. ఇంత చిన్న అంచుతో అంత పెద్ద బాధ తీరడం ముచ్చటైన సంగతి.

అయితే కంపైలరుకు పూర్తి స్వేచ్ఛ లేదు. ఒక విలువ తయారు కాకముందే దానిని వాడుకునే స్థితి వస్తుందంటే క్రమం మార్చరాదు. సి భాషలో రెండు పేర్లు ఒకే చోటును సూచించవచ్చు. కావని తేలనిదే కంపైలరు సాహసించదు. అప్పుడు భారం ప్రోగ్రాము వ్రాసేవారిదే.

వర్షం తక్కువైన ఈ పడమటి కర్నూలు సీమలో విత్తనం వేసే రైతు వాన కబురుకు చెవి యొగ్గుతాడు. వాతావరణ గణనలు కూడ గడుల పట్టికల మీదనే సాగుతాయి. రేపటి వాన లెక్క రేపటిలోగా తేలాలి.