పాత కంప్యూటర్ మొరాయించినప్పుడు

మా అమ్మమ్మ పాడిన పెళ్లిపాటలను ఒక్కొక్కటిగా టైపు చేసి మా ఇంటి కంప్యూటర్‌లో దాచుకున్నాను. తలంబ్రాలప్పుడు, అప్పగింతలప్పుడు మా హొసూరు ప్రాంతపు పల్లెలలో పాడే పాటలవి. ఒక వానాకాలంలో ఆ కంప్యూటర్ ఆన్ కాలేదు. పట్నంలోని ఒక దుకాణంలో ఇచ్చి వచ్చాను. రెండు రోజులకు అది చక్కగా పనిచేసింది. పాటలు మాత్రం లేవు. విండోస్‌ను కొత్తగా ఎక్కించామని, పాతవన్నీ చెరిగిపోయాయని చెప్పారు. బిల్లులో చూస్తే మార్చిన వస్తువు ఒక్కటే, రూపాయి బిళ్లంత బ్యాటరీ. అడగకపోవడం వారి పొరపాటు, ముందుగా చెప్పకపోవడం నా పొరపాటు. అప్పటికి అమ్మమ్మ కాలం చేసింది.

కంప్యూటర్ ఆగిపోవడం వేరు, అందులో దాచినవి పోవడం వేరు. ఈ భేదం తెలియక ఎన్నో కుటుంబాలు ఫోటోలను, పిల్లల కాగితాలను పోగొట్టుకుంటున్నాయి. కనుక కంప్యూటర్ ఎక్కడ ఆగిందో వరుసగా తెలుసుకొనే విధానాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

స్విచ్చి నొక్కిన తరువాత కంప్యూటర్‌లో నాలుగు పనులు ఒకదాని వెనుక ఒకటి జరుగుతాయి. మొదట కరెంటు లోపలి భాగాలకు అందుతుంది. పిమ్మట యంత్రం తన జ్ఞాపకశక్తిని, అంటే ర్యామ్‌ను, తక్కిన భాగాలను పరీక్షించుకుంటుంది. ఆపైన హార్డ్ డిస్క్‌ను వెదుకుతుంది. చివరగా డిస్క్‌లోని విండోస్ మొదలవుతుంది. ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిస్తే సగం వైద్యం జరిగినట్లే.

దీపం వెలగకపోతే

ముందుగా గోడ సాకెట్టును పరీక్షించాలి. అదే సాకెట్టులో సెల్‌ఫోన్ ఛార్జరునో, టేబుల్ ఫ్యానునో పెట్టి చూడాలి. పాత యూపీఎస్‌లో బ్యాటరీ చచ్చిపోయి ఉండవచ్చు. అందుచేత దానిని తప్పించి నేరుగా గోడకు కలిపి చూడాలి. కంప్యూటర్ వెనుక కొన్నింటికి చిన్న స్విచ్చి ఉంటుంది, అది ఆఫ్‌లో లేదని చూసుకోవాలి. కొన్ని పాత పెట్టెలకు 115, 230 అని రాసిన మరొక చిన్న మీట ఉంటుంది. మన దేశపు కరెంటు 230 వోల్టులు. ఆ మీటను 115 వైపునకు జరిపితే లోపలి భాగం కాలిపోతుంది. పిల్లలు దానిని తాకకుండా చూడాలి.

ఇవన్నీ సరిగా ఉన్నా దీపం వెలగకపోతే ఎస్ఎంపీఎస్ అనే కరెంటు డబ్బా చెడి ఉండవచ్చు. దానిని పూర్తిగా మార్చడమే తప్ప ఇంట్లో విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా అందులో ప్రాణాపాయం కలిగించేంత కరెంటు నిలిచి ఉండగలదు. లావుపాటి పాత మానిటర్ విషయంలోనూ ఇదే జాగ్రత్త పాటించాలి.

ఫ్యాను తిరిగి, తెర నల్లగా ఉంటే

మానిటర్‌కు కరెంటు ఉన్నదా, దాని కేబులు వెనుక గట్టిగా బిగిసి ఉన్నదా అని చూడాలి. అది సరిగా ఉంటే లోపం ర్యామ్ వద్ద ఉండే అవకాశం ఎక్కువ. చాలా యంత్రాలు అప్పుడు కీచుమని ఆగి ఆగి కూత పెడతాయి. తేమ, దుమ్ము చేరి ర్యామ్ పట్టీ అంచు మసకబారడం పాత యంత్రాలలో తరచుగా జరుగుతుంది.

ప్లగ్గు తీసివేసి, ఆన్ చేసే బటన్‌ను కొద్ది క్షణాలు నొక్కి ఉంచి, పక్క మూత విప్పాలి. పెట్టె ఇనుప చట్రాన్ని ఒకసారి చేతితో తాకాలి. మన ఒంటిలోని స్థిర విద్యుత్తు అందులోకి పోతుంది. ర్యామ్ పట్టీకి రెండు చివరలా ఉన్న క్లిప్పులను వెనుకకు వంచితే పట్టీ పైకి వస్తుంది. దాని బంగారు రంగు అంచును పిల్లలు వాడే పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, క్లిప్పులు బిగుసుకొనే వరకు తిరిగి నొక్కాలి. తడిగుడ్డ వాడరాదు. మూత తెరిచినప్పుడే మదర్‌బోర్డుపై నిలువుగా ఉన్న చిన్న డబ్బాల వంటి కెపాసిటర్లను గమనించాలి. వాటి తల ఉబ్బినా, జిగురు వంటి ద్రవం కారినా బోర్డు దెబ్బతిన్నదని గ్రహించాలి. 2000 తరువాతి తొలి సంవత్సరాలలో తయారైన బోర్డులలో ఈ లోపం ఎక్కువగా కనిపించింది. అటువంటి బోర్డు పోయినా హార్డ్ డిస్క్ క్షేమంగానే ఉండవచ్చు.

అక్షరాలు కనిపించి ఆగిపోతే

ఎఫ్1 నొక్కమని అడుగుతూ, తేదీ ఎన్నో ఏళ్లు వెనుకకు పోయి ఉంటే మదర్‌బోర్డుపై ఉన్న 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ అయిపోయినట్లు. దాని పేరు సాధారణంగా సీఆర్ 2032. ప్లగ్గు తీసి, పాతది ఏ ముఖం పైకి ఉన్నదో గమనించి, అదే విధంగా కొత్తది పెట్టి, తేదీ సరిచేస్తే చాలు. నా కంప్యూటర్‌కు వచ్చిన జబ్బు ఇంతే.

డిస్క్ లేదనో, ఆపరేటింగ్ సిస్టమ్ దొరకలేదనో చూపితే మొదట పెన్ డ్రైవ్, సీడీ ఏవైనా మరచిపోయి ఉంచారేమో చూడాలి. యంత్రం ముందుగా వాటిలో విండోస్‌ను వెదికి ఆగిపోతుంది. పిదప ప్లగ్గు తీసి డిస్క్ కేబుళ్లను తీసి మళ్లీ బిగించాలి. డిస్క్ నుండి టక్ టక్ మని శబ్దం వస్తే వెంటనే ఆపివేయాలి. ఆన్ చేసిన ప్రతిసారీ నష్టం పెరుగుతుంది.

విండోస్ మొదలై ఆగిపోతే

ఎక్స్‌పీ, విండోస్ 7 ఉన్న యంత్రాలలో ఆన్ చేసిన వెంటనే ఎఫ్8 పదే పదే నొక్కితే సేఫ్ మోడ్ అనే మార్గం కనిపిస్తుంది. అందులో తెరుచుకుంటే ముందుగా ముఖ్యమైనవాటిని పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి. మరమ్మతు తరువాతి మాట.

తెరుచుకోకపోయినా ఆశ వదలనవసరం లేదు. డిస్క్‌ను ఊడదీసి, యూఎస్‌బీ అడాప్టరు ద్వారా మరొక కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్లను తీసుకోవచ్చు. వెడల్పాటి పట్టీ కేబులు ఉన్న పాత డిస్క్‌లకు, సన్నని కేబులు ఉన్న తరువాతి డిస్క్‌లకు వేరువేరు అడాప్టర్లు దొరుకుతాయి.

తెలుగు కుటుంబాలు మరొక సంగతి మరువరాదు. ఆ కాలంలో అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో టైపు చేసినవి ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అర్థంలేని గుర్తులుగా కనబడతాయి. ఫైలు చెడిందని వాటిని తుడిచివేయకండి. విండోస్ ఫోల్డరులోని ఫాంట్లను కూడా కలిపి తీసుకోవాలి.

దుకాణానికి ఇచ్చేముందు

మన సరిహద్దు పట్టణాలలో బాగుచేసేవారికి తెలుగు చదవడం రాకపోవచ్చు. మన అక్షరాలు ఎంత విలువైనవో వారికి తెలిసే వీలు లేదు. అందుచేత వారి భాషలోనే చెప్పి, ఒక చీటీ రాసి పెట్టెపై అంటించాలి. తమిళంలో "డిస్కై అళిక్క వేండాం", కన్నడంలో "డిస్క్ అళిసబేడి" అంటే సరిపోతుంది. రెంటికీ చెరపవద్దనే అర్థం. వీలైతే డిస్క్‌ను ఇంట్లోనే ఉంచి తక్కిన పెట్టెను ఇవ్వడం ఇంకా మంచిది.

బాగుపడిన పాత యంత్రంతో బ్యాంకు పనులు చేయరాదు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో భద్రతా సవరణలు ఆగిపోయాయి. టైపు చేసుకోవడానికి, పాటలు వినడానికి, పిల్లల అభ్యాసానికి మాత్రం అది ఇంకా పనికివస్తుంది.

ఇంట్లో ఉన్న కంప్యూటర్ నేడు బాగానే పనిచేస్తున్నదా? అయితే పోగొట్టుకోలేనివాటిని రెండు వేరు చోట్ల దాచడానికి ఇదే అదను. అమ్మమ్మ పాటలలో నాకు గుర్తున్నవి పదకొండు. వాటిని మళ్లీ టైపు చేసి ఒక పెన్ డ్రైవ్‌లో ఉంచి, మరొక ప్రతిని కాగితంపై అచ్చు తీసి బీరువాలో దాచాను.